గుండీల డబ్బా

కత్తెర మాస్టారికి చక్కెర జబ్బు వచ్చి తొమ్మిదేళ్ళు, ఆయన వదినకు వచ్చి పదకొండేళ్ళు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఒకే వంట తినేవాళ్ళు. మూడు నెలలకోసారి ఒకే బస్సెక్కి ఒకే ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళు. మూడు నెలల సగటు చెప్పే రక్తపరీక్షలో అంకె కూడా ఇద్దరికీ ఒకటే వచ్చేది, పది పైన. అంకె ఒకటే కాబట్టి తప్పూ ఒకటే అయ్యుంటుందని ఆసుపత్రిలో అందరూ అనుకున్నారు. అనుకోనివాడు మాస్టారు ఒక్కడే. తన సంగతి తనకు తెలుసు కదా మరి.

ముందు గదిలో దుకాణం, వెనక రెండు గదుల్లో కాపురం. దుకాణంలో గోడ పొడవునా కత్తిరింపు బల్ల, పక్కన రెండు మిషన్లు, కిటికీ దగ్గర వదిన పీట. అన్న పోయిన దగ్గర్నుంచీ ఆవిడ ఆ పీట మీదే కూర్చుని చొక్కాలకు కాజాలు కుడుతోంది. గుండీ పట్టే ఆ చిన్న చీలికను ఆవిడ కోసి కుట్టిందంటే చొక్కా చిరిగినా కాజా చిరగదని పేరు. పనిలో అంత గట్టి మనిషికి ఇంట్లో మాత్రం నోట్లో నాలుక లేదు.

ఇక మాస్టారు. టేపు పెట్టకుండానే ఎదుటివాడి నడుము కొలత చెప్పేస్తాడు, తన నడుము కొలత మాత్రం చచ్చినా చెప్పడు. భోజనం దగ్గర ఆయనంత పథ్యం చేసేవాడు లేడు. ఇంకో ముద్ద వద్దంటే వద్దని కంచం జరిపేస్తాడు. ఆ తర్వాత దుకాణంలోకి వచ్చి, గుండీల డబ్బా మూత తీసి, పైన తెల్ల గుండీలున్న పళ్ళెం ఎత్తి, అడుగున దాచుకున్న బిస్కెట్లూ పిప్పరమెంటు బిళ్ళలూ ఒకదాని వెంట ఒకటి నోట్లో వేసుకుంటాడు. యాభై దాటిన మనిషి చేయాల్సిన పనేనా ఇది? కాదని ఆయనకూ తెలుసు. తిన్న ప్రతిసారీ సిగ్గుపడేవాడు, సిగ్గుపడ్డ ప్రతిసారీ ఇంకోటి తినేవాడు.

ఆ బిస్కెట్లు మొదట్లో వంటింటి అలమరలోవే. మనవరాలు వస్తే పెడదామని భార్య కొనిపెట్టుకున్నవి. పాకెట్లు మాయమవుతుంటే ఆవిడకు అనుమానం వచ్చింది. ఒక పక్క కళ్ళెదుటే పథ్యం చేస్తూ, తన అంకె పని ఒత్తిడి వల్లేనని చెప్పే మొగుడు, ఇంకో పక్క ఇన్సులిన్ పొడుచుకుంటున్నా అంకె దిగని తోడికోడలు. అనుమానం ఎవరి మీదికి పోతుందో చెప్పాలా?

"అక్కా, తినాలనిపిస్తే అడిగి తిను. ఈ దొంగచాటు తిండి ఎందుకు?" అంది ఏడాది కిందట ఒక రోజు అన్నం వడ్డిస్తూ.

"నేను తీయలేదమ్మా," అంది వదిన.

"మరి అంకె ఎందుకు దిగదు? నిప్పు లేనిదే పొగ వస్తుందా?"

మాస్టారు కుక్కిన పేనులా కంచంలో వేలితో గీతలు గీస్తూ కూర్చున్నాడు. ఆ పూట నోరు తెరిచి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. మర్నాడు చక్కెర డబ్బాతో సహా అంతా అలమరలోకి వెళ్ళింది. అలమరకు తాళం పడింది, తాళంచెవి భార్య చేతిసంచిలోకి చేరింది. మాస్టారు వీధి చివర కొట్లో కొనుక్కోవడం మొదలుపెట్టాడు.

ఆసుపత్రిలో అంకె చూసినప్పుడల్లా వదినకు మందు మోతాదు పెంచుతూ పోయారు. ఈసారి మాత్రం పది దాటినవాళ్ళందరినీ ఒక గదిలో కూర్చోబెట్టారు. అక్కడున్న నర్సమ్మ గొంతు గోడ అవతలికి వినపడేది.

"తిట్టడానికి పిలవలేదు. ఎవరింట్లో ఏం జరుగుతోందో చెప్పండి, వింటాను," అంది ఆవిడ.

బస్సు డ్రైవరు ఒకాయన, చక్కెర పడిపోయి స్టీరింగు ముందు కళ్ళు తిరుగుతాయేమోనని భయపడి, బండి ఎక్కేముందు కావాలనే రెండు తీపి బన్నులు తింటున్నానన్నాడు. ఒక పంతులమ్మ, మాత్రలు కడుపులో తిప్పుతున్నాయని సగం మింగి సగం పారేస్తున్నానంది.

"చూశారా? అంకె ఒకటే, అక్కడికి వచ్చిన దారులు వేరు. ఆయనకి చెప్పాల్సింది ఈవిడకి చెబితే ఏం లాభం?" అంటూ నర్సమ్మ వదిన దగ్గరికి వచ్చింది. "పెద్దమ్మా, ఇన్సులిన్ ఎక్కడ పొడుచుకుంటున్నారు?"

వదిన బొడ్డుకు ఎడమ పక్క చూపించింది. అక్కడ చర్మం కింద నిమ్మకాయంత గడ్డ ఉంది.

"రోజూ ఇక్కడేనా?"

"నాలుగేళ్ళుగా ఇక్కడే. ఇక్కడైతే నొప్పి తెలీదు. అయినా కాజా ఒకటి కోశాక పక్కన ఇంకోటి కోస్తామా? గుడ్డ పాడైపోదూ?"

గదిలో అందరూ నవ్వారు. నర్సమ్మ నవ్వలేదు. "మందు గడ్డలోకి పోతోంది పెద్దమ్మా, ఒంటికి పట్టడం లేదు. నోరు ఎంత కట్టుకున్నా అంకె ఎలా దిగుతుంది? తప్పు మీ తిండిది కాదు." తర్వాత మాస్టారి వైపు తిరిగింది. "మీరు వినండి. ఇక చోటు మార్చి పొడుచుకోవాలి. అప్పుడు మందు గట్టిగా పనిచేస్తుంది. డాక్టరుగారు మోతాదు తగ్గిస్తారు, అయినా జాగ్రత్త. చెమటలు పట్టినా చేతులు వణికినా వెంటనే చక్కెర నోట్లో పడాలి. ఇంట్లోవాళ్ళకి చెప్పండి, చక్కెర ఈవిడ చేతికందేలా పెట్టండి."

"అలాగేనమ్మా."

"మరి మీ సంగతేంటి? మీవి మాత్రలే కదా, ఏం తింటున్నారు?"

"ఏమీ తిననమ్మా. పని ఒత్తిడి, అంతే," అన్నాడు మాస్టారు జేబు తడుముకుంటూ. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడమంటే ఇదే. జేబులో రెండు పిప్పరమెంటు బిళ్ళలు ఉన్నాయి.

తిరుగు బస్సులో వదిన ఒక్క మాట అంది. "నేను తినలేదని మీ ఆవిడకి చెప్పు మరిదీ."

ఇన్నేళ్ళలో ఆవిడ నోరు తెరిచి అడిగిన సాయం అదొక్కటే. మాస్టారు చెబుతానన్నాడు. చెప్పలేదు. వదిన తినలేదంటే మరి తిన్నదెవరు అని భార్య అడుగుతుంది. అడిగితే ఏం చెప్పాలి? ఇవాళ కాదు రేపు, రేపు కాదు ఎల్లుండి అంటూ వారం గడిపేశాడు. తాళం అలాగే ఉండటం చూసి వదినకు విషయం అర్థమైంది. తనను దొంగన్న తోడికోడలి దగ్గరికి వెళ్ళి చక్కెర అడగడానికి ఆవిడకు మొహం చెల్లలేదు.

ఎనిమిదో రోజు పొద్దున పదకొండింటికి భార్య బజారుకు వెళ్ళింది. తాళంచెవి ఉన్న సంచీ ఆవిడతోనే వెళ్ళింది. మాస్టారు బల్ల దగ్గర గుడ్డ పరుస్తున్నాడు.

"మరిదీ, కిటికీ మసకగా ఉందేంటి?"

తిరిగి చూస్తే వదిన ముఖం చెమటతో తడిసిపోయింది. సూది పట్టుకున్న చేయి వణుకుతోంది. మాస్టారు వంటింట్లోకి పరిగెత్తి తాళం పట్టుకుని గుంజాడు. అది రాలేదు. మళ్ళీ దుకాణంలోకి వచ్చాడు.

గుండీల డబ్బా బల్ల మీదే ఉంది, చేయి చాస్తే అందుతుంది. వీధి చివర కొట్టుకు పోయి రావాలంటే అయిదు నిమిషాలు పడుతుంది. కొట్లోంచి తెస్తే ఎవరికీ ఏమీ తెలియదు. కన్నతల్లిలా అన్నం పెట్టిన వదిన కళ్ళెదుట కూలబడుతుంటే ఈ పెద్దమనిషి ఆలోచించింది అదీ. ఆలోచించి ఊరుకోలేదు, గుమ్మం దగ్గరికి వెళ్ళి చెప్పులు వెతుక్కున్నాడు. ఒక కాలికి చెప్పు తొడిగాడు కూడా. ఛీ, ఏం మనిషి.

వెనక పీట జారిన చప్పుడైంది.

ఒక్క అంగలో వచ్చి డబ్బా బోర్లించాడు. గుండీలు గది నిండా దొర్లాయి. బిళ్ళల కాగితాలు పళ్ళతో చింపి వదిన నోట్లో ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి పెట్టాడు. "నమలండి వదినా, నమలండి," అంటూ ఆవిడ తల తన భుజానికి ఆనించుకుని కూర్చున్నాడు. వణుకు తగ్గడానికి పావుగంట పట్టింది. తర్వాత ఆవిడ రెండు బిస్కెట్లు తనంతట తనే తిన్నది.

అప్పుడే భార్య వచ్చింది. నేల మీద గుండీలు, కాగితాలు, సగం పాకెట్టు బిస్కెట్లు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. మాస్టారి నోరు పెగిలేలోపు వదినే మాట్లాడింది.

"నావేనమ్మా. నేనే దాచుకున్నా. తిట్టాలంటే సాయంత్రం తిట్టు, ఇప్పుడు ఓపిక లేదు."

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. ఎవరి దొంగతనం ఎవరు మోస్తున్నారు? ఏడాదిగా మోసినది చాలక, ప్రాణం మీదికి వచ్చిన పూట కూడా ఆవిడే మోస్తోంది.

"చూశారా మీ వదిన సంగతి?" అంది భార్య.

"ఆవిడవి కావు," అన్నాడు మాస్టారు. తల ఎత్తలేకపోయాడు. "నావి. మొదట్నుంచీ తింటున్నది నేనే. ఆవిడ తప్పేమీ లేదని ఆసుపత్రిలో చెప్పి వారమైంది. చక్కెర ఆవిడ దగ్గర పెట్టమన్నారు. నీకు చెప్పలేదు."

భార్య సంచిలోంచి తాళంచెవి తీసి వదిన ఒళ్ళో పెట్టింది. "తప్పయిపోయింది అక్కా," అని అక్కడే కింద కూర్చుని గుండీలు ఏరసాగింది. ఏరుతూ ఏరుతూ మొగుడి కాళ్ళ దగ్గరికి వచ్చి ఆగింది.

"ఒక కాలికే చెప్పుందేంటి? ఎక్కడికి బయల్దేరారు?"

వదిన కూడా ఆయన వైపు చూసింది. ఆవిడకు తెలియనిది అదొక్కటే. పరిగెత్తుకొచ్చి తన నోట్లో బిళ్ళ పెట్టిన మరిదినే ఆవిడ చూసింది, చెప్పులు వెతుక్కున్న మరిదిని చూడలేదు. చెప్పకపోతే ఎప్పటికీ తెలియదు.

మాస్టారు ఆ చెప్పు విప్పి పక్కన పెట్టి, అది కూడా చెప్పాడు.