పెద్ద కారు, చిన్న కారు, అబ్బా

మొన్న చిల్లకూరు దాటాక హైవే పక్క మెకానిక్ షెడ్డులో, చక్రాలు లేకుండా ఇటుకల మీద నిలబెట్టిన పాత కారొకటి కనిపించింది. అచ్చం మా పెద్ద కారే. "అమ్మా, ఇది నయమా, తర్వాత కొన్న చిన్న కారు నయమా?" అని మా అమ్మాయి అడిగింది. ఏదో చెప్పి తప్పించుకున్నాను గానీ, ఇంటికొచ్చేదాకా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

మా నాన్నను మేము అబ్బా అనేవాళ్లం. ఆయన జువ్వలదిన్నెలో ఎండుచేపలు కొని నెల్లూరు అంగళ్లకు వేసేవారు. అందుకోసం కొన్న పాత బండే పెద్ద కారు. వారమంతా డిక్కీలో చేపల మూటలు, ఆదివారం సీట్లలో మేము: అమ్మ, అన్న, నేను, చిన్నమ్మ, ఆమె పిల్లలు నలుగురు. పెళ్లికి బయల్దేరే ముందు అమ్మ సీట్లకు అత్తరు పూసేది. చేపా అత్తరూ కలిసి మూడో వాసనొకటి పుట్టేది. మేం దిగకముందే మేమొచ్చినట్టు పెళ్లివారికి తెలిసిపోయేది. ఒక వానాకాలం వాగు దాటే చప్టా మీద నీళ్లు తలుపుల దాకా వచ్చి ఇంజను ఆగిపోయింది. పిల్లలమంతా గోల పెట్టాం. అబ్బా వెనక్కి తిరిగి, "ఎందుకు మే ఏడస్తారు? నేనుండా గదా" అన్నారు. లుంగీ ఎగగట్టి నీళ్లలోకి దిగి, అటుగా వచ్చిన ట్రాక్టరుకు తాడు కట్టించి లాగించారు.

పదిహేనేళ్ల తర్వాత వచ్చిన చిన్న కారు కొత్తది. చేపల మూట అందులో ఎక్కకూడదని అమ్మ ముందే కట్టడి చేసింది. ఆరడుగుల అబ్బాకు మోకాళ్లు స్టీరింగుకు తగిలేవి. "ఇది కారు గాదు మే, చొక్కా. ఎక్కేది కాదు, తొడుక్కోవాల" అనేవారు. నాకు డ్రైవింగ్ నేర్పింది అందులోనే. పెద్ద కారు చప్పుడుకి అరిచినా వినపడేది కాదు. చిన్న కారులో గుసగుస కూడా వినిపించేది.

ఒక మధ్యాహ్నం జువ్వలదిన్నె నుంచి వస్తూ, రోడ్డు రెండుగా చీలే చోట అబ్బా కారును నడిమధ్యలో ఆపేశారు. వెనక లారీ హారన్ కొడుతోంది. "ఇప్పుడు యా పక్కకి మే?" అన్నారు మెల్లగా. నలభై ఏళ్లు తిరిగిన దారి. తమాషాకి అంటున్నారని నవ్వాను. ఆయన నవ్వలేదు, నేను చెయ్యి చూపేదాకా బండి కదల్చలేదు.

ఇక అబ్బా చేతికి కారు ఇవ్వొద్దని, ఆయన్ని పరీక్షించిన డాక్టరు అన్నతో, నాతో విడిగా చెప్పాడు. "తాళం నువ్వే తీసుకో మే, నావల్ల కాదు" అని అన్న తప్పుకున్నాడు. నావల్ల మాత్రం ఏమవుతుంది? మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా, టోపీ వేసుకుని అబ్బా కారు దగ్గర నిలబడి తాళం కోసం చెయ్యి చాపారు.

"బండి చెడిపోయింది అబ్బా" అన్నాను. అంతకన్నా మంచి అబద్ధం దొరకలేదు.

"ఏమైంది? స్టార్ట్ చెయ్, చూస్తా" అంటూ బానెట్ ఎత్తారు.

చేసేది లేక కారెక్కి తాళం తిప్పాను. ఒక్క దగ్గు కూడా లేకుండా ఇంజను అందుకుంది. ఆయన వంగి చాలాసేపు విన్నారు. తర్వాత నా కిటికీ దగ్గరికి వచ్చి నా ముఖంలోకి చూశారు. నేను తల దించుకున్నాను.

"ఔను మే, చెడిపోయింది" అన్నారు.

బానెట్ మెల్లగా దించి, చుట్టూ తిరిగి వచ్చి ఎడమ సీట్లో కూర్చున్నారు. పోయేదాకా, మూడేళ్లు, అక్కడే కూర్చున్నారు. మళ్లీ తాళం అడగలేదు. ఆ పొద్దున నేను ఇంకేం చెప్పి ఉండాల్సిందో ఏళ్లు గడిస్తే తెలుస్తుందనుకున్నాను. ఏళ్లు మాత్రమే గడిచాయి.