డేరాల్లో సర్కారు, పెద్దమామ పింఛను

మొన్న మా మనవరాలికి ప్రభుత్వ బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. మిఠాయి తిని సంతోషపడాల్సిన సాయంత్రం కాస్తా పింఛను మీద వాదనలోకి దిగింది. కొత్తగా చేరేవాళ్లకు పాత పద్ధతి పింఛను లేదట. జీతంలోంచి కొంత పక్కకు తీసి షేర్ల బజారులో పెడతారట. పెరిగితే పెరిగినట్టు, లేకపోతే లేదట. మా అబ్బాయి ఒక లెక్క చెప్పాడు, కోడలు దానికి ఎదురు లెక్క చెప్పింది. చివరికి ఆ పిల్ల నా వైపు తిరిగి, "తాతా, అన్నేళ్లు పేపర్లో పనిచేశావు కదా, నువ్వు చెప్పు. సర్కారు పింఛనును నమ్ముకోవచ్చా?" అని అడిగింది. పేపర్లో పనిచేసినవాడికి అన్నీ తెలుస్తాయన్నది మా ఇంట్లో ఎప్పటినుంచో ఉన్న అపోహ. నేను జవాబు వెతుక్కుంటుండగా వంటింట్లోంచి కాఫీ వాసన వచ్చింది. దాంతో నేను ఆ వాదన వదిలేసి మనసులోనే డోన్‌లో మా పెద్దమామ ఇంటికి వెళ్లిపోయాను.

పెద్దమామ అంటే మా అమ్మకు పెద్దన్న. పోలీసు హెడ్డు కానిస్టేబులుగా చేసి రిటైరైన మనిషి. పిల్లలు లేరు, సెంటు భూమి లేదు, ఉన్నది అద్దె ఇల్లు. ఆస్తి కింద చెప్పుకోదగ్గవి రెండే: మీసమూ, పింఛనూ. నెల మొదట్లో తాలూకా ఆఫీసు ఖజానాకు వెళ్లి పింఛను తీసుకుని, వచ్చేదారిలో కాఫీ గింజలు కొనేవాడు. మా అత్త వాటిని ఇనుప పెనం మీద వేయించేది. ఆ వాసన మా వీధి దాటి రైలు స్టేషను దాకా పోయేది. హెడ్డుకు పింఛను వచ్చిందన్న సంగతి ఊరికి ఎవరూ చెప్పనక్కర్లేదు. అత్తకు ఇంకో అలవాటుండేది. నలుగురి ముందు ఆయనతో నేరుగా మాట్లాడేది కాదు. నేనుంటే నా ద్వారా, నేను లేకపోతే దూలానికో, పిల్లికో చెప్పేది. ఆయన కూడా పిల్లి వైపు చూసే బదులిచ్చేవాడు.

మద్రాసు నుంచి ఆంధ్ర రాష్ట్రం విడిపోయి కర్నూలు రాజధాని అయిన సంవత్సరం నాకు ఇరవై ఏళ్లు. అప్పుడే ఒక దినపత్రికలో విలేఖరిగా చేరి కర్నూలులో ఉంటున్నాను. రాజధాని వచ్చింది కానీ దానికి చాలినన్ని మేడలు ఊళ్లో లేవు. అందుకని ఆఫీసులు చాలా వరకు డేరాల్లో పెట్టారు. ఈ వార్త డోన్ చేరేసరికి రకరకాలుగా మారింది. మద్రాసువాళ్లు 'మీవాళ్లను మీరే చూసుకోండి' అంటారనీ, కొత్తవాళ్లు 'మా దగ్గర చేయలేదు గదా' అంటారనీ, పాత పింఛన్లన్నీ మధ్యలో పోతాయనీ రచ్చబండల మీద తీర్పులు జరిగిపోయాయి.

రైలు స్టేషను దగ్గర వేరుశనగ నూనె మిల్లు షావుకారుకు ఇది మంచి అదను. ఒక పండక్కి పేకాడుతుంటే పెద్దమామ ఆయన్ను పట్టుకుని, తెల్లారేదాకా పోలీసు స్టేషను అరుగు మీద కూర్చోబెట్టాడు. ఆయన ఆ సంగతి మరిచిపోలేదు. అలాగని కోపమూ పెట్టుకోలేదు, దాచుకున్నాడంతే. ఒకరోజు, సెలవుకు నేనూ డోన్‌లో ఉండగా, పెద్దమామ ఇంటికే వచ్చాడు.

"ఏమప్పా హెడ్డూ, నీ సర్కారు గుడారాల్లో కాపురముండాదంట గదా? రేపు గాలొస్తే నీ పింఛను యాడ ఏరుకుంటావు? మా మిల్లుకు రాతిగోడ ఉండాది. గేటుకాడ కావలికి రా. లోపల గది గుడక ఇస్తా."

"కూచోబెడ్తావా, నిలబెడ్తావా?" అన్నాడు పెద్దమామ.

"నువ్వు నన్ను కూచోబెట్టినావు. నేను నిన్ను నిలబెడ్తాలే," అని షావుకారు పడీపడీ నవ్వాడు. నవ్వు అయ్యాక నిజమే చెప్పాడు. "దసరాకు మిల్లులో ఆయుధపూజ. ఆ పొద్దుకు గేటుకాడ మనిషుండల్ల. నువ్వు గాకుంటే ఇంకొకరు."

చిక్కంతా అక్కడే ఉంది. కొత్త సర్కారు ఇచ్చే మొదటి పింఛను దసరా దాటాక గానీ రాదు. అది వస్తుందో రాదో తేలకముందే గేటు సంగతి తేల్చుకోవాలి. వద్దన్నాక పింఛను రాకపోతే ఇద్దరికీ తిండి లేదు. ఒప్పుకుంటే, ఒకప్పుడు తాను పట్టుకున్న మనిషికి బతికినన్నాళ్లూ సలాము కొట్టాలి. అత్త మాత్రం తన తీర్పు చెప్పేసింది. "మీసం ఉడకబెడితే కూర కాదని మీ మామకు చెప్పు, అల్లుడా."

ఆయన పిల్లి వైపు చూసి, "ముందు సర్కారును సూడల్ల," అన్నాడు.

రెండు రోజులకే ప్యాసింజరు బండి దిగి కర్నూలులో నా గది ముందు నిలబడ్డాడు. చలువ చేసిన తెల్ల బట్టలు, నెత్తిన పాగా, నడుముకు పాత పోలీసు బెల్టు. "చూపించు, అల్లుడా," అన్నాడు, ఊళ్లోకి కొత్తగా వచ్చిన ఏనుగును చూపించమన్నట్టు.

తీసుకెళ్లాను. ఊరవతల మైదానంలో, నిన్నటిదాకా గొర్రెలు మేసిన చోట, వరసకు వరస తెల్ల డేరాలు. లోపల బల్లలు, పెట్టెలు, టైపు మిషన్ల టకటక. గాలి ఆగకుండా వీస్తోంది. బేతంచెర్ల నాపరాతి ముక్కల కింద కాగితాలు రెపరెపలాడుతున్నాయి. అప్పటికి నేను ఆ డేరాల గురించి చాలానే రాశాను. ప్రారంభ సభలూ, ఊరేగింపులూ, ఉపన్యాసాలూ అన్నీ రాశాను. పెద్దమామ మాత్రం ఉపన్యాసాల గురించి ఒక్క ముక్క అడగలేదు. వంగి మేకులు చూశాడు. తాళ్లు పట్టి లాగి చూశాడు. సర్వీసులో కలెక్టర్ల క్యాంపులకు ఎన్నోసార్లు కాపలా కాసిన మనిషి. సుత్తి పట్టుకుని కూర్చున్న, డేరాలు వేసే ఒక ముసలి ఖలాసీని పలకరించాడు.

"ఏం భాయ్, మేకు శానా పైకుండాదే?"

"కింద బండ తగుల్తాంది, సాబ్. సర్కారొచ్చిందని బండ జరుగుతాదా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. డేరాలోంచి ఒక గుమాస్తా తల బయటపెట్టి ఏం కావాలని అడిగాడు. "ఏమొద్దు నాయనా. పని చేసుకో. సూసిపోదామని వచ్చినా," అన్నాడు పెద్దమామ.

అప్పుడే హంద్రీ నది వైపు నుంచి మబ్బు పట్టింది. చెట్టు కిందికి పోదామంటే ఆయన కదల్లేదు. "ఇప్పుడు సూడల్ల, అల్లుడా. తడిస్తే తాడు బిగుసుకుంటాది. వదులు చేయకుంటే మేకును పీకుతాది. మేకు పోతే డేరా పాయె," అని మొదటి చినుకుల్లో అలాగే నిలబడ్డాడు. ఎవరూ కేక వేయలేదు, ఎవరూ ఈల ఊదలేదు. ఆ ముసలి ఖలాసీ గోనెపట్టా నెత్తిన వేసుకుని లేచాడు. పక్క వరసలో ఇంకొకడు లేచాడు, ఆ పక్క ఇంకొకడు. చూస్తుండగానే మైదానమంతా గోనెపట్టాలే. ఒక్కో మేకు దగ్గర వంగి తాడు వదులు చేసి, తర్వాతి దానికి పోతున్నారు. లోపల గుమాస్తాలు బల్లలు మధ్యకు జరిపారు, కాగితాల మీద ఇంకో రాయి పెట్టి మళ్లీ రాతలో పడ్డారు. గాలికి ఆ తెల్లటి ఊరంతా ఒక్కసారి ఉబ్బింది, దిగింది, మళ్లీ ఉబ్బింది. ఒక్క మేకూ లేవలేదు. ఆ వాన హోరులోనూ టైపు మిషన్లు ఆగలేదు. ఆ తర్వాత ఎన్నో పెద్ద కట్టడాలు చూశాను గానీ, అంత పెద్దది మళ్లీ చూడలేదనిపిస్తుంది.

పెద్దమామ పాగా పిండుకున్నాడు. "ఎవురన్నా చెప్పినారా వాళ్లకు?"

"లేదు మామా."

"పద. బండికి టైమైతాంది."

దసరాకు మిల్లు గేటు దగ్గర ఇంకెవరో నిలబడ్డారు. పెద్దమామ తాళ్ల కథ ఊరంతా చెప్పుకున్నాడు, దాని ఫలితం అనుభవించాడు. తర్వాతి నెల మొదట్లో ఖజానాకు వెళితే, "ఇంకా హుకుం రాలేదు హెడ్డూ, రేపు రా," అన్నారు. మర్నాడూ అదే మాట. ఆయన మిల్లు ముందు నుంచి వెళ్లినప్పుడల్లా షావుకారు, "ఏమప్పా హెడ్డూ, తాళ్లు వదులు చేసినారా?" అని గేటు లోపలినుంచి కేకేసేవాడు. మామ ఇంట్లో జొన్నసంగటి తప్ప ఇంకోటి లేదని అమ్మ కబురు పంపితే, సెలవు పెట్టి డోన్ బయల్దేరాను. బండి దిగి మిల్లు దాకా వచ్చానో లేదో, వేగుతున్న కాఫీ గింజల వాసన గుప్పున ముఖానికి కొట్టింది. అక్కడే నిలబడిపోయాను. షావుకారు గేటు దగ్గరే ఉన్నాడు.

"నాకు గుడక ముక్కుండాదిలే. పో, మీ మామ తాగెయ్యకముందే పో," అన్నాడు.

ఇంట్లో పెద్దమామ మీసం దువ్వుకుంటున్నాడు. అత్త నా చేతికి గ్లాసిచ్చి, "సర్కారు గట్టిదే. మీ మామే గెలిచినాడు. కానీ ఆ పింఛను దేనికి కట్టినారో అడుగు, అల్లుడా. ఈయన ఊపిరికి. ఈయన పోయిన్నాడు నాకు ఏమిస్తారు?" అంది. ఆ రోజుల్లో ఆయనలాంటివాళ్ల భార్యలకు ఏమీ ఇచ్చేవాళ్లు కాదు. ఆయన పిల్లి వైపు కూడా చూడలేకపోయాడు. అత్తే మళ్లీ, "ఇయ్యాల్టినుంచి ఆ తాళ్లు నా చేతిలో ఉండాయని చెప్పు," అంది.

అన్నంత పనీ చేసింది. వానలో ఆయన గడప దాటకూడదు, మిద్దె ఎక్కకూడదు, చుట్ట తాగకూడదు. దగ్గు వినిపిస్తే మిరియాల కషాయం. పొద్దున్నే స్టేషను దాకా నడవాలి, తిరిగి రావాలి. మూడేళ్లకు రాజధాని హైదరాబాదుకు వెళ్లిపోయింది. డేరాలు ఎత్తేశారు. ఆ మైదానంలో మేకుల గుంతలు కొన్నాళ్లుండి, వానలకు పూడిపోయాయి. డోన్ ఖజానాలో పింఛను మాత్రం ఆగలేదు. పెద్దమామ తొంభై దాటి బతికాడు. అత్త ఆయనకంటే పదేళ్లు ముందే, నాలుగు రోజుల జ్వరంతో వెళ్లిపోయింది. ఆ తర్వాత కూడా నెల మొదట్లో ఆ వీధిలో కాఫీ వాసన వచ్చేది, కాకపోతే ఎప్పుడూ మాడిన వాసనే.

నమ్ముకోవచ్చమ్మా అని మనవరాలికి చెప్పాను, ఈ కథా చెప్పాను. సర్కారు నిలుస్తుందా అని ఊరంతా అడిగింది. మామ నిలుస్తాడా అని అత్త అడిగింది. ఆమె నిలుస్తుందా అని మాలో ఒక్కరికీ అడగాలని తోచలేదు. మేము చూడని ఆ ఒక్క మేకునే కాలం వచ్చి పీక్కుపోయింది.