ఎడమ రెక్క ఈకలు

మొన్న కడప నుంచి వస్తుంటే మైదుకూరు దాటాక బస్సు ఉన్నట్టుండి ఆగింది. కిటికీలోంచి తొంగిచూస్తే రోడ్డు మధ్యలో ఒక టర్కీ పుంజు తోక విప్పుకుని నిలబడి ఉంది. డ్రైవరు హారన్ కొట్టినప్పుడల్లా మెడ సాచి ఎదురు జవాబు చెబుతోంది. బస్సంతా విసుక్కుంది గానీ నాకు మాత్రం నవ్వు ఆగలేదు. అలాంటి పొగరుబోతు పుణ్యానే మా చెల్లెలు విలుకత్తె అయింది.

కోయిలకుంట్ల దగ్గర మా మేనత్త ఇంట్లో ఉండి అక్కాచెల్లెళ్లం చదువుకునేవాళ్లం. క్రిస్మస్‌కు పాస్టరయ్య భోజనానికి వస్తాడని ఆ ఏడు అత్త ఒక టర్కీ పుంజును పెంచింది. దానికి సంకటి ముద్ద పెట్టేటప్పుడు బతిమాలినంతగా మమ్మల్ని ఏనాడూ బతిమాలలేదు. చెల్లెలు అప్పటికి వెదురు విల్లుతో బాణాలు వేయడం నేర్చుకుంటోంది. పండుగ ముందే జిల్లా ఎంపికలు. ఈసారీ పేరు రాకపోతే విల్లు అటకెక్కాల్సిందేనని మా నాన్న తేల్చేశాడు. సరిగ్గా అప్పుడే దాని బాణాల వెనక ఉండే ప్లాస్టిక్ ఈకలు చిరిగిపోయాయి. ఊళ్లో దొరకవు. ఇద్దరం పుంజు వైపు చూశాం.

అత్త కత్తెర తెచ్చి, పుంజుకు నొప్పి తగలకుండా ఈ రెక్కలో కొన్ని, ఆ రెక్కలో కొన్ని ఈకలు కత్తిరించింది. "దేవుడు రెండు రెక్కలూ సమానంగా ఇచ్చినాడు. మనమూ సమానంగానే తీసుకోవల్ల" అంది. ఆమె న్యాయం ఎప్పుడూ అంతే. కూరలో నాకొక ఎముక పడితే చెల్లెలికీ ఒక ఎముక పడాల్సిందే. బాణానికి మూడేసి చొప్పున, అందంగా ఉన్నవి ఏరి అంటించాం. గడ్డి కుక్కిన గోనెసంచికి గురిపెట్టి వేస్తే, బాణం కుక్క తోకలా ఊగుతూ పోయి గడ్డివాములో దూరింది. ఇంకొకటి పక్కింటాయన మంచం కోడుకు దిగింది.

"ఏమ్మా, ఈడ యుద్ధమేమన్నా చేస్తాండారా?" అని ఆయన గోడ మీంచి కేకేశాడు.

చెల్లెలు వాకిట్లో కూలబడి ఏడ్చింది. ఏడుస్తూనే ఈకలను వేలితో నిమురుతూ ఉండి, టక్కున ఆగింది. "అక్కా, ఇది ఇట్ల వంగి ఉండాది, ఇది అట్ల వంగి ఉండాది. రెండూ చెరో పక్కకు లాగుతాండాయి, బాణం ఏం చేస్తాది?" నిజమే. కుడి రెక్క ఈక వంపు ఒక వైపు, ఎడమ రెక్కది ఇంకో వైపు. ఎద్దు ఎండకు లాగితే దున్న నీడకు లాగినట్టే. మూడూ ఎడమ రెక్కవే ఏరి అంటించి వేస్తే, బాణం బొంగరంలా తిరుగుతూ తిన్నగా పోయి సంచిలో దిగింది. కానీ మిగతా బాణాలకు ఎడమ ఈకలు చాలవు.

అత్త పుంజును ఒళ్లో పెట్టుకుని దాని ఎడమ రెక్కను నిమిరింది. "దీనికి అన్యాయమే పాపా. అయినా ఈకలు మళ్లా మొలుస్తాయి, నీ ఎంపిక మళ్లా రాదు" అని కత్తెర అందుకుంది.

ఎంపికల రోజు చెల్లెలి పేరు జాబితాలో మొదట చదివారు. పండుగనాడు పాస్టరయ్య గుత్తివంకాయ కూరతో సరిపెట్టుకున్నాడు. "మా పాపను గెలిపించినదాన్ని కోస్తే నాకు ముద్ద దిగదు అయ్యగారూ" అంది అత్త. పుంజు ఎడమ రెక్క బోసిగా వేలాడేసుకుని, గడప దగ్గరే నిలబడి ఆయన్ను గదమాయించింది. ఆయన నవ్వుతూనే ఇంకో వంకాయ వేయించుకున్నాడు.

మైదుకూరు పుంజు ఎట్టకేలకు దారి ఇచ్చింది. బస్సు కదులుతుంటే దాని రెక్కలు సమానంగా ఉన్నాయో లేదోనని వెనక్కి తిరిగి చూశాను. అత్త చెప్పినట్టే మా పుంజుకు మరుసటి ఏడు ఎడమ రెక్క నిండుగా మొలిచింది. అత్త వాకిట్లో ఆ డిసెంబరు మాత్రం మాకు మళ్లీ రాలేదు.