అమ్మ వాళ్ళక్క జుట్టు

నా జుట్టు సంగతిలో నాకు ఎవరి సలహా అక్కర్లేదు. పుట్టినప్పటి నుంచీ పలచనే. పలచనైతే పలచన, అందులో మళ్ళీ వంకీలు. దువ్వితే లేస్తుంది, నూనె రాస్తే మాడుకు అతుక్కుపోతుంది. పార్లర్‌కు వెళ్తే చాలు, "మేడం, కెరాటిన్ చేయించుకోండి" అని మొదలుపెడతారు. ఒకసారి చేయించుకుని, కొసలు చీపురుపుల్లల్లా విరిగిపోయాక, ఇక నా తిప్పలేవో ఇంట్లో నేనే పడతానని ఒట్టు పెట్టుకున్నాను. ఆఫీసుకు క్లయింట్లు వచ్చే రోజు మాత్రం స్ట్రెయిట్‌నర్ పట్టేదాన్ని. తల పూర్తిగా ఆరాలి, సీరం రాయాలి, వేడి బాగా తక్కువలో పెట్టాలి, ఒక పాయ మీద ఒక్కసారే లాగాలి. రెండోసారి లాగాలనిపిస్తే చెయ్యి కట్టేసుకోవాలి. అంతే.

అమ్మ అప్పటికి ఏడాదిగా నార్సింగిలో నా ఫ్లాట్‌లోనే ఉంటోంది. కడప వైపు పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. మొదట వస్తువుల్ని మర్చిపోయింది, తర్వాత మనుషుల్ని. నన్ను పట్టుకుని "ఏమ్మా, మీదే ఊరు?" అని అడిగిన రోజు బాత్రూంలో కొళాయి తిప్పుకుని ఏడ్చాను. అంతకన్నా ఘోరం, తిండి మానేసింది. ముద్ద నోటిదాకా తెస్తే పెదాలు బిగించి మొహం గోడవైపు తిప్పేసేది. ఇంకాస్త బరువు తగ్గితే ముక్కులోంచి గొట్టం వేయాల్సిందే అన్నాడు డాక్టరు. ఆ మాట విన్నాక నాకు నిద్ర లేదు. గొట్టం వేస్తే పీకేసుకుంటుంది. పీకేసుకుంటే చేతులు మంచానికి కట్టేస్తారు. మా అమ్మ చేతులు కట్టేస్తే నేను చూడలేను.

ఆ రోజు క్లయింట్లు వస్తున్నారని పొద్దున్నే జుట్టు సాపు చేసుకుని, వెళ్ళొస్తానని చెప్పడానికి అమ్మ గదిలోకి వెళ్ళాను. మంచం మీద కూర్చున్న మనిషి తలెత్తి చూసింది. మొహం వెలిగిపోయింది.

"అక్కా! వచ్చినావా? యాడికి పోయినావే ఇన్నాళ్ళూ?"

అమ్మకు ఒక్కతే అక్క. అమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడే, పెళ్ళీడు కూడా రాకుండానే, టైఫాయిడ్‌తో పోయింది. ఫోటో అయినా లేదు. ఎలా ఉండేదని నేనెప్పుడడిగినా, "నీళ్ళు జారినట్టు ఉండేది జుట్టు. జ్వరమొచ్చి సగం ఊడిపాయ" అని అక్కడితో ఆపేసేది.

నేను కాదమ్మా అని చెప్పబోయాను. ఈలోపు అమ్మ స్టూలు మీదున్న ఇడ్లీ ప్లేటు తనే ఒళ్ళోకి లాక్కుంది. తింది! మొత్తం తిని, చెయ్యి తుడుచుకుని, నా నుదుటి మీద పెట్టి చూసింది.

"ఇంకా కాలిపోతా ఉండావే" అంది.

నుదురు నిజంగానే వేడిగా ఉంది. అప్పుడే స్ట్రెయిట్‌నర్ తగిలిన వెంట్రుకలు దాని మీద పడి ఉన్నాయి మరి. చటుక్కున ఒక అడుగు వెనక్కి వేశాను. అయినా అబద్ధమెందుకు, ఆ ఖాళీ ప్లేటు చూస్తే ప్రాణం లేచొచ్చింది.

ఇక రోజూ అదే తంతు. వంకీలతో వెళ్తే అమ్మ గోడవైపు తిరిగేది, సాపుగా వెళ్తే తినేది. పలచటి జుట్టుకు రోజూ వేడి తగిలితే ఏమవుతుందో నాకు తెలీదా? అందుకని అమ్మ కంటికి కనబడే ముందు పాయలు మాత్రమే సాపు చేసి, వెనకదంతా ముడి వేసేదాన్ని. రాత్రుళ్ళు కొసలకు కొబ్బరినూనె. ఎంత చేసినా దువ్వెన నిండా వెంట్రుకలే. జుట్టు సగమైపోతోంది, మొహం పీక్కుపోతోంది. నేనెప్పుడూ చూడని ఒక మనిషి అద్దంలో కొంచెం కొంచెంగా తయారవుతున్నట్టుండేది.

పగలు అమ్మను చూసుకునే ఆవిడది ఇక్కడి పల్లే. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళింది.

"ఏంది మేడం గిట్ల? మీరు ఆఫీసుకు పోయినంక గూడ అమ్మ అక్కతోని మాట్లాడుతనే ఉంటది. ఏదో అడుగుతది, జర సేపు ఆగుతది, మల్ల నవ్వుతది. అవతల ఎవలో జవాబు జెప్పినట్టే. నాకు భయమైతుంది."

"తింటోందా లేదా?" అని కసిరాను.

"తింటున్నది."

"మరి ఇంకేం ఫికర్?"

ఆవిడ ముందు గట్టిగానే అన్నాను గానీ, ఆ రోజు లిఫ్టులో అద్దం వైపు వీపు పెట్టి నిలబడ్డాను.

ఇంకోనాడు అన్నం తింటూ తింటూ అమ్మ అడిగింది, "అక్కా, ఆ దినం చేను గట్టున మనకేం దొరికింది, చెప్పు చూద్దాం?" నేను ఫోన్లో మెయిల్ చూసుకుంటూ "కాలి పట్టీ" అనేశాను. అమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. "ఒంటి పట్టీ! మర్చిపోలే నువ్వు!" ఫోను పక్కన పెట్టేశాను. ఎప్పుడో అమ్మే చెప్పి ఉంటుందిలే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అమ్మ ఎప్పుడూ చెప్పలేదు.

తర్వాత కొన్నాళ్ళకు ఒక పొద్దున, సగం తిని ప్లేటు పక్కకు నెట్టేసింది.

"అమ్మ అబద్ధం చెప్పిందక్కా. నేను బువ్వ తింటే నీకు జ్వరం దిగుతాదని చెప్పింది. దినామూ తింటానే ఉండా. నీకు దిగలే. ఇంక నేను తినను."

అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. అక్క మంచాన పడిందని తిండి మానేసిన పిల్లకు మా అమ్మమ్మ ఆ మాట చెప్పి తినిపించి ఉంటుంది. ఇన్నేళ్ళ తర్వాత ఆ పిల్ల మళ్ళీ అక్కను బతికించుకోవడానికి తింటోంది. నేనేమో రోజూ వేడి నుదురుతో వెళ్ళి నిలబడి, ఆ జ్వరాన్ని దిగనివ్వడం లేదు.

మర్నాడు అమ్మ మెతుకు ముట్టలేదు. ఆ మర్నాడూ అంతే. మళ్ళీ ఆ గొట్టమే కళ్ళముందు కనబడింది. స్ట్రెయిట్‌నర్ తీసి బీరువాలో పడేశాను. చచ్చీ చెడీ ఎలాగైనా వేడి లేకుండానే సాపు చేయాలి. సాయంత్రం తలస్నానం చేసి, పాత నూలు చీర ముక్కతో రుద్దకుండా అద్దుకుని, పెద్ద పళ్ళ దువ్వెనతో కొసల నుంచి పైకి చిక్కు తీశాను. ఫ్యాను కింద దాదాపు ఆరాక, జుట్టంతా తల చుట్టూ చదునుగా చుట్టి, పిన్నులు పెట్టి, పైన పట్టుగుడ్డ కట్టుకుని పడుకున్నాను. పొద్దున విప్పితే జారిపోయింది. ఏ మిషనూ ఎన్నడూ అంత సాపు చేయలేదు. అద్దంలో మనిషి ముందు నవ్వింది. ఆ తర్వాత నేను నవ్వాను.

నుదుటికి చన్నీళ్ళు అద్దుకుని అమ్మ ముందు కూర్చున్నాను. అమ్మ చెయ్యి పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది.

"దిగింది! అక్కా, జ్వరం దిగిపాయనే!"

నవ్వింది, ఏడ్చింది, నా రెండు బుగ్గలూ పట్టుకుని ఊపేసింది. తర్వాత గొంతు తగ్గించి, "ఇంక నువ్వు పో అక్కా. నా కూతురు వచ్చే యాళయింది. నిన్ను చూస్తే జడుసుకుంటాది. పిరికిది" అంది.

నా కూతురు! ఆ మాట విని ఎన్ని నెలలైందో. పరుగెత్తుకెళ్ళి కొళాయి కింద తల పెట్టేశాను. వంకీలు ఒక్కొక్కటే లేచాయి. నీళ్ళు కారుతుండగానే పెరుగన్నం కలిపి గదిలోకి వచ్చాను.

"తల తుడుచుకోకుండా తిరుగుతావేమే? జలుబు చేస్తాది" అంది అమ్మ.

"నేనెవరమ్మా?" అని అడిగాను, ఆశ చావక.

"ఎవురేంది? నా కూతురివి. మతి గానీ పోయిందా నీకు?"

ఏడుస్తూనే నవ్వాను. ముద్ద చేసి పెట్టాను. నోరు తెరిచింది. నా చేత్తో, నేను పెడితే తింది మా అమ్మ. రెండో ముద్ద మింగాక నా మణికట్టు పట్టుకుని ఆపింది. చూపు నా భుజం మీదుగా వెనక్కి పోయింది.

"ముందు అక్కకు పెట్టు. జ్వరం దిగింది గదా, ఆకలి మీద ఉంటాది."

నేను తిరిగి చూడలేదు. కాదంటే నోరు మూసేసుకుంటుందని తెలుసు. ఇంకో ముద్ద తీసి కుడిచెయ్యి వెనక్కి చాపి, అమ్మ మొహమే చూస్తూ కూర్చున్నాను.

అమ్మ నవ్వింది. "నిదానంగా తినక్కా" అంది నా వెనకవైపు చూసి. "ఎవురూ తీసుకోరులే."

తర్వాత నా వైపు తిరిగి నోరు తెరిచింది. కుడిచెయ్యి ముందుకు తీసుకునే ధైర్యం నాకు లేకపోయింది. ఎడమచేత్తోనే గిన్నెలోని చెంచా అందుకుని పెట్టాను. గిన్నె ఖాళీ అయ్యేదాకా తింది.