గుండీల మామ్మ

పేద పిల్లల సేవకని చర్చి నుంచి వచ్చిన బృందంలో అందరికన్నా పెద్దావిడ ఆమే. పాస్టరుగారు రేకుల షెడ్డులో పిల్లలకు పాటలు నేర్పుతుంటే ఆవిడ గుమ్మంలో కూర్చుని, ముక్కుమీదకి జారే కళ్లద్దాలను ఎగదోసుకుంటూ పిల్లల బట్టలకు గుండీలు కుడుతుంది. విప్పనివ్వదు, ఒంటిమీదే కుడుతుంది. పళ్లతో దారం పుటుక్కున తెంపి, వీపు నిమిరి, చెవిలో చిన్న ప్రార్థన చెప్పి పంపుతుంది. నిన్న కుట్టించుకున్న పిల్ల మళ్లీ వచ్చింది.

"ఊడిపోయింది మామ్మా."

"ఊడిందా, పీకావా?"

పిల్ల గుప్పిట్లోని గుండీ మామ్మ చేతిలో పెట్టి, దగ్గరగా జరిగింది.

"రేపు మనం వెళ్లిపోతున్నాం. ఈసారి గట్టిగా కుట్టండి మామ్మగారూ" అన్నారు పాస్టరుగారు.

"అలాగే బాబూ" అంటూనే మామ్మ వదులుగా రెండు కుట్లు వేసి, పిల్ల చెవిలో గొణిగింది: "రేపు మా బస్సు కదిలేలోగా ఊడితే పరిగెత్తుకు రా."