పంతొమ్మిదేళ్ల చెంగమ్మకు ఒక క్వార్టర్

2025వ సంవత్సరం, సెప్టెంబరు నెల. చిత్తూరులో మామిడి మండీకి పోయే రోడ్డు మీద ఒక బ్రాందీ షాపులో సేల్స్‌మన్‌గా ఉన్నాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. ఈ సరుకుతోనే నా బతుకంతా గడిచింది. మొదట్లో డిపోలో పెట్టెలు మోసేవాణ్ణి. నలభై దాటాక రాత్రి బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నాను. సీసా మీద పేరు చదవడం వచ్చాక కౌంటర్‌లో నిలబెట్టారు. నేను తాగను. తాగనివాణ్ణే కౌంటర్‌లో పెట్టుకుంటారు, అందులో నా గొప్పేమీ లేదు.

బ్రాందీ షాపులో పనంటే సీసా తీసివ్వడమే కదా అనుకుంటారు చాలామంది. సీసా ఎవరైనా తీసిస్తారు. లేదని చెప్పడమే అసలు పని. అప్పటికే తూలుతున్నవాడికి లేదని చెప్పాలి. ఇరవై ఒకటి నిండనివాడికి లేదని చెప్పాలి, అది చట్టం. ఒకప్పుడు వయసు మా కళ్లతోనే చూసేవాళ్లం. మీసం చూసి మోసపోకూడదు, మీసం పదహారుకే వస్తుంది. తొందర చూడాలి. పిల్లవాడు బ్రాండు పేరు ఒక్క ఊపిరిలో అప్పజెప్పేస్తాడు, దారంతా వల్లె వేసుకుంటూ వచ్చినట్టు. చిల్లర కూడా తీసుకోకుండా పోబోతాడు. అలవాటైనవాడికి ఆ తొందర ఉండదు. వెనకున్న స్టాకంతా ఒకసారి చూస్తాడు, కొత్తగా ఏమొచ్చిందని అడుగుతాడు, చివరికి రోజూ తీసుకునేదే తీసుకుపోతాడు.

మా యజమానికి తిరుపతిలోనూ షాపులున్నాయి. అక్కడ ఒక షాపులో ఇద్దరు కాలేజీ పిల్లలు కొని, తాగి, బండి మీద నుంచి పడ్డారు. ఒకడికి కాలు పోయింది. ఎక్సైజ్ వాళ్లు ఆ షాపుకు తాళం వేశారు. ఆ తర్వాత మా యజమాని అన్ని షాపుల్లోనూ స్కానర్లు పెట్టించాడు. ఆధార్ కార్డు మీద నలుపూ తెలుపూ గళ్లుంటాయే, దాన్ని స్కానర్ ముందు పెడితే పుట్టినరోజు లెక్కవేసి వయసు చూపిస్తుంది. ఇరవై ఒకటి లేకపోతే బిల్లు రాదు. బిల్లు లేకుండా సీసా గ్రిల్ దాటకూడదు. ముసలివాడైనా, తెలిసినవాడైనా కార్డు పెట్టాల్సిందే. "మునెయ్యన్నా, మొగం చూసి అమ్మొద్దు" అని నాకు ప్రత్యేకంగా చెప్పాడు. పైన కెమెరా ఉంది, ఆయన తిరుపతిలో కూర్చుని ఫోన్లో చూసుకుంటాడు. నాకు కోపం రాలేదు. ఒక పిల్లవాడి కాలు పోయినాక ఎవరైనా అలాగే భయపడతారు.

ఆ రోజు పెద్దల అమావాస్య. మా వైపు ఆ రోజు ఇంట్లో పోయినవాళ్లకు ఆకు వేస్తారు. వాళ్లకు ఇష్టమైనవన్నీ వండి పెడతారు. బీడీ తాగే ఆయనకు బీడీ పెడతారు, బ్రాందీ తాగే ఆయనకు బ్రాందీ. మధ్యాహ్నానికి కాకికి పెట్టి, ఆ తర్వాతే ఇంట్లోవాళ్లు తింటారు. అందుకే ఆ అమావాస్యకు పొద్దున్నే మాకు బేరం ఎక్కువ. షట్టర్ ఎత్తేసరికే వరుస ఉంటుంది. వరుసలో అందరూ మగవాళ్లే.

ఆ రోజు వాళ్ల మధ్యలో ఒక ముసలామె నిలబడి ఉంది. చీర కొంగు తలమీదికి లాక్కుని, ఎవరి వైపూ చూడకుండా, నేలను చూస్తూ ముందుకు జరుగుతోంది. గ్రిల్ దగ్గరికి వచ్చాక సంచిలోంచి ఒక ఖాళీ క్వార్టర్ సీసా తీసి లోపలికి పెట్టింది. క్వార్టర్ అంటే చిన్న సీసా, ఒక మనిషికి ఒక సాయంత్రానికి సరిపోయేది. కడిగి తెచ్చింది కానీ లోపల నూనె జిడ్డు ఇంకా ఉంది.

"ఇదే కావాల నాయనా. పేరు నాకు తెలీదు. ఆయనది ఇదే సీసా."

"యాడిదక్కా ఇది?"

"ఇంట్లో శానా ఉండాయి. ఆముదం పోసుకుంటాము, కిరసనాయిలు పోసుకుంటాము. అన్నీ ఆయన తెచ్చినవే."

ఆయనెవరో మాటల్లో తెలిసింది. కన్నయ్య. మండీలో హమాలీ. మామిడి కాలమంతా లారీలకు గంపలు ఎత్తేవాడు. పోయి ఏడాది దాటింది. సంవత్సరీకం అయినాక వచ్చిన మొదటి అమావాస్య ఇదే. ఈమె పేరు చెంగమ్మ. పల్లె నుంచి పొద్దున బస్సుకు వచ్చింది. తిరిగి బస్సు పట్టుకుని పోయి ఆకు వెయ్యాలి.

సీసా తీసి పెట్టాను. కార్డు అడిగితే ఇచ్చింది. స్కానర్ కింద పెట్టాను. ఎర్ర లైటు వెలిగి, కీమని అరిచింది. తెర మీద వయసు పంతొమ్మిది.

కార్డు నేనే చేతిలోకి తీసుకుని చదివాను. పుట్టిన సంవత్సరం రెండువేల ఆరు. ఫోటోలో ఈమే. పల్లె సరైనదే. భర్త పేరు కన్నయ్యే.

"అక్కా, దీంట్లో నీకు పంతొమ్మిదేండ్లే ఉండాది."

"ఎంతనో ఒకటి ఉంటాదిలే. కార్డుకు బొమ్మలు తీసేకాడ ఆ పిల్లోడు ఎప్పుడు పుట్టినావని అడిగినాడు. నాకేం తెలుసు? వాడే ఏదో కొట్టినాడు."

"మార్పించుకోలేదా?"

"పోతే పుట్టిన సర్టిఫికెట్టు తెమ్మన్నారు. నన్ను కన్నోళ్లే లేరు. సర్టిఫికెట్టు యాడ తెచ్చేది? మొగుడు లేనోళ్ల పింఛను వస్తాంది. దానికి పద్దెనిమిది దాటితే సాలంట. గమ్మునుండిపోయినా."

వెనక వరుసలో ఒకడికి ఈ మాట వినబడింది. "ఏమవ్వా, పంతొమ్మిదా? మా వోడికి సంబంధం సూస్తాండాము, సెప్పమంటావా?"

"మీ వోడికి పండ్లుంటే నాకొద్దప్పా" అంది చెంగమ్మ వెనక్కి తిరక్కుండానే. "వాడితో సమానంగా నేను తినలేను."

వరుసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. స్కానర్ వైపే చూస్తోంది. అది ఒప్పుకోలేదని అర్థమైంది.

సంబంధం మాటెత్తినవాడే ముందుకు వచ్చాడు. మంచివాడే. "తాతా, నా కార్డు మీద కొట్టు. నేను తీసుకోని అవ్వకిస్తా."

అదే తేలికైన దారి, రోజూ జరిగేదే. నేను సరేనని చెయ్యి చాపాను. చెంగమ్మ గ్రిల్ ఊచ గట్టిగా పట్టుకుంది.

"వద్దు నాయనా. వాళ్లూ వీళ్లూ తెచ్చింది వద్దు. అట్లయితే మా పక్కింటోడే తెచ్చిస్తానన్నాడు. ఈడిదాకా ఎందుకొస్తాను?"

"ఎవరు తెస్తే ఏముందక్కా, పెట్టేది నువ్వే కదా?"

ఆమె వెనక్కి ఒకసారి చూసింది. తర్వాత గ్రిల్‌కు మొహం ఆనించి, వెనకవాళ్లకు వినబడకుండా చెప్పింది. "ఆసుపత్రిలో ఇంక లాభం లేదని ఇంటికి పంపించేసినారు. ఆ పొద్దు నన్ను అడిగినాడు. ‘సెంగీ, ఒక్క క్వార్టర్ తెచ్చీవే, నీ సేత్తో’ అని. పెండ్లయినకాణ్ణించి దానికోసం కొట్లాడినాను నేను. తెస్తానా? తేనన్నాను. సరేలే అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. మళ్లీ అడగలేదు. ఇంగ అడిగేదానికి లేడు కదా."

నేను చేతిలో కార్డు తిప్పుతూ నిలబడ్డాను. బిల్లు కావాలంటే ఇరవై ఒకటి దాటిన కార్డు కావాలి. ఆమె కార్డు అబద్ధం చెబుతోంది. ఆమె మొహం నిజం చెబుతోంది, కానీ మొహాన్ని స్కానర్ కింద పెట్టలేను. యజమానికి ఫోన్ చేశాను.

"కార్డులో ఎంతుంది?"

"పంతొమ్మిది సార్."

"అయితే లేదని చెప్పన్నా. దీనికి ఫోన్ ఎందుకు?"

"డెబ్బయి ఏండ్ల మనిషి సార్. ముందర నిలబడుండాది."

ఫోన్‌లో చూపించమన్నాడు. వీడియో పెట్టి ఫోన్‌ను గ్రిల్ బయటికి తిప్పాను. చెంగమ్మ అందులోకి తొంగిచూసింది.

"ఈయప్పేనా నన్ను సిన్నపిల్లననేది? నాయనా, నువ్వు పుట్టకముందే నా బిడ్డకు పెండ్లి చేసినాను."

ఆయన నవ్వాపుకోలేకపోయాడు. నవ్వు ఆగాక గొంతు తగ్గించాడు. "మునెయ్యన్నా, ఆమెకు అమ్మితే తప్పు లేదని నాకూ తెలుసు. కానీ పంతొమ్మిదని మిషన్‌లో పడిపోయింది. రేపు ఎక్సైజ్ వాళ్లు అడిగితే అవ్వను యాడ తెచ్చి చూపిస్తాను? నేను ఊ అనను. వద్దనీ అనను. నువ్వు ఫోన్ చెయ్యలేదు, నేను ఎత్తలేదు." పెట్టేశాడు.

ఈ వ్యాపారంలో నాకు తెలిసిన యజమానులందరూ ఇంతే. రూలు పెట్టడం వాళ్లది. ఆ రూలు మనిషికి పట్టకపోతే ఏం చెయ్యాలో తేల్చుకోవడం మాత్రం కౌంటర్‌లో ఉన్నవాడిది. ఏదైనా జరిగితే పోయేది వాడి ఉద్యోగమే. పోతే పోనీ అనుకున్నాను. నా జేబులోంచి నా కార్డు తీసి స్కానర్ కింద పెట్టాను. అరవై ఆరు. పచ్చ లైటు వెలిగింది. బిల్లు వచ్చింది.

చెంగమ్మకు చదువు రాదు కానీ లెక్క తప్పిపోదు. వెంటనే అడిగింది. "నీ కార్డు పెట్టినావు కదా. అట్లయితే నువ్వు కొన్నట్టు కాదా?"

"కార్డు మిసనీకక్కా. మిసనీ తాగదు. దుడ్లు ఎవురివి?"

"నావి."

"ఎవురు సెయ్యి సాపుతారు?"

ఆమె గ్రిల్ సందులోంచి చెయ్యి చాపింది. ఎప్పుడూ సీసాను కౌంటర్ మీద పెట్టి జరుపుతాం, చేతికివ్వం. ఆ రోజు చేతిలోనే పెట్టాను. రెండు చేతులా పట్టుకుని చూసింది. మొగుణ్ణి తిట్టినట్టే దాన్నీ ఏదో ఒక మాట తిట్టింది. కొంగులో చుట్టి సంచి అడుగున పెట్టుకుంది. బస్సుకు టైమవుతోందని వరుసలో ఉన్నవాళ్లే దారిచ్చారు. వాళ్లలో ఒకడు బస్టాండు దాకా బండి మీద దింపి వచ్చాడు.

నాకు ఉద్యోగం పోలేదు. యజమాని ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

మరుసటి నెల పింఛను తీసుకున్నాక చెంగమ్మ మళ్లీ వచ్చింది. వరుసలో నిలబడలేదు, పక్కనుంచి గ్రిల్ దగ్గరికి వచ్చింది.

"పెట్టినావా అక్కా?" అని అడిగాను.

"పెట్టినా నాయనా. సంగటి చేసినా, ఊరిబిండి పచ్చడి నూరినా, కోడికూర చేసినా. సీసా మూత నేనే తీస్తానని మనవణ్ణి ముట్టనీలేదు. అది ఎంతకీ రాదే. ఉండేదే నాలుగు పండ్లు, వాటితోనే కొరికి తీసినాను. మూత వచ్చేసరికి గుప్పున వాసన కొట్టింది. ఆ వాసనకే కదా దినామూ ముక్కు మూసుకోని అటు తిరిగి పండుకునేదాన్ని. నాకు తెలీకుండానే నోట్లోంచి మాట వచ్చేసింది."

"ఏమన్నావు?"

"‘వచ్చినావా’ అన్నాను."

వెనకెవరో సీసా అడుగుతున్నారు. నేను తియ్యలేదు.

"కాకి వచ్చిందా?"

"వచ్చిందిలే. వడ ఎత్తుకోని పోయింది. కాకిదేముంది, దాని కడుపు అది సూసుకుంటాది."

"ఇంకోటి కావాలా?"

"వద్దు. సగం అట్లే ఉండాది. మూత గట్టిగా బిగించి పెట్టుకున్నా" అని చెప్పి వెళ్లిపోయింది.

స్కానర్ ఇప్పటికీ ఉంది. ఉండాలనే నేనూ అంటాను. దాని పుణ్యాన చాలామంది పిల్లల్ని వెనక్కి పంపాను. అడ్డం తిరిగినవాళ్లకు లైటు చూపిస్తే గమ్మున పోతారు. అయితే వయసు తెలిసినంత మాత్రాన మనిషి తెలిసిపోడు. ఎర్ర లైటు వెలిగినప్పుడు మొహం చూస్తాను. అనుమానం వస్తే ఎవరికని అడుగుతాను. జవాబు చెప్పే తీరులోనే చాలావరకు తెలిసిపోతుంది. ఒక్కోసారి తప్పు కూడా చేసి ఉంటాను. పనిలో నేర్చుకున్నది ఇంతే.

పనికి బయట ఇంకొకటి నేర్చుకున్నాను. మా ఇంటామె పోయి చాలా ఏళ్లయింది. మొన్న ఆమె తద్దినం వచ్చింది. ఆకులో ఏం పెట్టాలి, అత్తకు ఏది ఇష్టం అని కోడలు అడిగింది. ఏటా అడుగుతుంది, ఏటా ఏదో ఒకటి చెబుతాను. ఈసారి కూర్చుని ఆలోచించాను. ఆమెకు ఇష్టమైంది ఆకులో పట్టేది కాదు. నాకు అక్షరాలు వచ్చిన కొత్తలో ఇద్దరం బస్సులో తిరుపతికి పోయేవాళ్లం. ఆమెకు చదువు లేదు. కిటికీ పక్కన కూర్చుని, దారిలో కనబడిన ప్రతి బోర్డూ నా చేత పైకి చదివించుకునేది. "అదేం రాసుండాది, సదువు. ఆ పచ్చదాంట్లో ఏముండాది, సదువు." సిమెంటు కొట్టు, పళ్ల డాక్టరు, చంద్రగిరి కోటకు దారి, అన్నీ చదివేవాణ్ణి. బస్సు ముందుకు పోతుంటే సగం మాటలు వెనకే ఉండిపోయేవి. తడబడి తప్పు చదివి, మళ్లీ దిద్దుకుంటే పొంగిపోయి నవ్వేది. బస్సులో జనం తిరిగి చూసేవాళ్లు.

ఆకు వేసి అందరూ పక్కకు పోయాక, నేను ఆ రోజు పేపరు తీసుకుని ఆకు పక్కన కూర్చున్నాను. పైకి చదివాను. వాన సంగతి, మామిడి ధర, కొండకు పోయే బస్సులు, ఎవరో తప్పిపోయారన్న ప్రకటన, ఏదీ వదల్లేదు. ఇప్పుడు నేను తడబడకుండా చదవగలను. కానీ ఆమె నవ్వింది తడబడినప్పుడే. అందుకని అక్కడక్కడా కావాలనే తప్పు చదివాను.