ఆవిరిపెట్టెలో చిక్కుకున్న వైద్యగ్రంథం

ఇవాళ పాపకు జలుబు చేస్తే ఆవిరి పట్టాను. గిన్నె మూత లోపలివైపు పట్టిన చెమట చూడగానే తెలంగాణ ఉద్యమం రోజులు గుర్తొచ్చాయి. పాప పడుకుంది, నాకు నిద్ర రావడం లేదు, రాస్తున్నాను.

డిగ్రీ అయ్యాక నా మొదటి ఉద్యోగం కొత్తగూడలో, పాత పుస్తకాలను స్కాన్ చేసే చిన్న ఆఫీసులో. పాతబస్తీ లైబ్రరీ ఒకటి తన దగ్గరున్న తొలినాటి వైద్యగ్రంథాలను మాకు పంపేది. యునానీవి, ఆయుర్వేదానివి, తెలుగులో మొదట్లో అచ్చయినవి, ముట్టుకుంటే అప్పడాల్లా విరిగే కాగితాలు. ముడతపడ్డ ఆకులను అడుగున నీళ్లు పోసిన మూతపెట్టెలో జాలీ మీద ఒక రాత్రి పరిచి మెత్తబరిచేవాళ్లం; పొద్దున్నే తీసి అద్దుడు కాగితాల మధ్య ఆరబెట్టాలి, ఆలస్యమైతే బూజు పట్టేస్తుంది. బాలింతల, పసిపిల్లల వైద్యం మీద ఇంకెక్కడా ప్రతి లేని ఒక పుస్తకాన్ని అలా పెట్టెలో పెట్టిన సాయంత్రమే బంద్ పిలుపు వచ్చింది, మర్నాడు దాన్ని ఇంకో రోజుకు పొడిగించారు. ఆఫీసుకు దగ్గరగా ఉన్నది లింగంపల్లిలో పెద్దమ్మ ఇంట్లో ఉంటున్న నేనొక్కదాన్నే.

"నోరు విప్పితే చాలు, కోస్తావాళ్లమని తెలిసిపోతుంది, కదలకు" అంది పెద్దమ్మ. రెండో రోజు ఆవిడ ప్రార్థనలో ఉండగా బయటపడ్డాను. రైళ్లు లేవు, బస్సులు లేవు, నడక. కొత్తగూడ దగ్గర ఉద్యమకారులు నిరసనగా రోడ్డుకు అడ్డంగా రాళ్లపొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు.

"ఏడికి బిడ్డా? ఇయ్యాల ఆఫీసులు బంద్, ఎరకలేదా?" అంది గరిటె పట్టుకున్న ఒకావిడ. తడబడుతూ చెప్పాను. "నీళ్లపెట్టెల పుస్తకాలంట! ఐటోళ్ల కతలు గిట్లనే ఉంటయి అక్కా" అని వెనక ఎవరో నవ్వారు.

"ఎవలయి ఆ పుస్తకాలు?"

"ఇక్కడివేనండీ, పాతబస్తీవి. పసిపిల్లల మందులవండీ."

నా అండీలకు నవ్వులు ఆగిపోయాయి, అందరూ నన్నే చూశారు. ఆవిడ మాత్రం విస్తరి పరిచి, "కూసో. పొయ్యికాడికొచ్చి తినకుంట పోతరా? తిన్నంక నేనొస్త" అంది. కాదంటే ఆ పూట దారి మూసుకుపోయినట్టే. నడిరోడ్డు మీద కూర్చుని, అక్కడ పెట్టెలో బూజు ఒక్కో ఆకు మీదికీ పాకుతున్నట్టే తోస్తుంటే, పొగలు కక్కే అన్నం గబగబా మింగాను.

ఆవిడ మెడలో ఉద్యమపు గులాబీ కండువా చూసి ఆఫీసు వాచ్‌మన్ తాళం తీశాడు. పెట్టె మూత తెరిస్తే ముక్కిపోయిన వాసన, అంచుల మీద పచ్చటి మచ్చలు. ఆవిడ చేతులు కడుక్కుని కొంగుకు తుడుచుకుని, నేను ఎత్తిన ఆకునల్లా పసిబిడ్డను అందుకున్నట్టు అందుకుని పరిచింది. పుస్తకం దక్కింది కానీ అడుగున ఒక ఆకు జాలీకి అంటుకుపోయి ముద్దగా వచ్చింది. అందులో ఏముండేదో ఇక ఎవరికీ తెలియదు.

ఇప్పుడు పాపను వెనక సీట్లో పెట్టుకుని ఆ రోడ్డు మీద తర్వాత కట్టిన ఫ్లైఓవర్ నిమిషంలో దాటేస్తాను. ఎక్కడికని ఆపి అడిగే మనుషులు లేరు, అడిగితే చెప్పుకోవాలనిపించే, పాప గురించిన భయాలు మాత్రం రోజురోజుకూ పెరుగుతున్నాయి.